పార్టుకి డబ్బులిస్తాం, పరీక్షకి ఇవ్వం

"నా పికప్ 60 మైళ్ల స్పీడు దాటితే ముందు భాగం వణుకుతోంది, ఏం చెయ్యమంటారు?" అని డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా అడిగారనుకోండి, జవాబులు వరసగా వచ్చి పడతాయి. ఒకాయన చక్రం బరువు సమం చేసే బ్యాలెన్సింగ్ అంటాడు. ఇంకొకాయన చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ అంటాడు. మూడో ఆయన మాట కూడా అనడు, ముందు చక్రాల్ని పట్టుకుని ఉండే కీళ్లూ కడ్డీలూ, అంటే బాల్ జాయింట్లు, టై రాడ్లు, ఐడ్లర్ ఆర్మ్ అన్నీ కలిపిన ఫ్రంట్ ఎండ్ కిట్టు లింకు పెట్టేసి, ఇరవై ఏళ్ల బండి కదా, ఎలాగూ అరిగిపోయి ఉంటాయి, మొత్తం మార్చి పారెయ్ అని తీర్పిచ్చేస్తాడు. ఎంత స్పీడులో మొదలవుతోంది, ఎక్కడ తగ్గుతోంది, బ్రేకు తొక్కితేనే వస్తోందా, ఊరికే పోతున్నా వస్తోందా, చేతికి తెలుస్తోందా, సీటు కింద తెలుస్తోందా అని అడిగే మనిషి మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకడు. నా గొడవంతా ఇక్కడే.

పాత ట్రక్కులో అరిగిన పార్టు ఉండటం వేరు, వణుకు పుట్టించే పార్టు ఉండటం వేరు. బాల్ జాయింటు గానీ, టై రాడ్ ఎండ్ గానీ, చక్రాన్ని ఫ్రేముకి కలిపే కంట్రోల్ ఆర్మ్ బుష్ గానీ చక్రంతో పాటు గిరగిరా తిరిగేవి కావు. నవారు మంచం వదులైతే కిర్రుమంటుంది గానీ దానంతటది ఊగదు, పైన ఎవరో కదలాలి. ఇవీ అంతే. ఎక్కడో పుట్టిన వణుకుని ఇవి ఆపలేక స్టీరింగ్ దాకా మోసుకొస్తాయి, కొన్నిసార్లు పెంచి మరీ ఇస్తాయి. పుట్టేది మాత్రం దాదాపు ఎప్పుడూ తిరిగే వాటిలోనే: టైరు, రిమ్ము, బ్రేకు డిస్కు, చక్రం బిగించే హబ్బు, చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు, ఇంజిన్ బలాన్ని యాక్సిల్ దాకా తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు. కొత్త బాల్ జాయింట్లు వేయించుకున్న వారం రోజులూ బండి దివ్యంగా ఉందనిపించడానికి కారణం ముందు భాగానికి కాస్త బిగువు రావడమే, అసలు దొంగ దొరకడం వల్ల కాదు. ఆ తర్వాత మళ్లీ మొదలు. అప్పుడు మళ్లీ గ్రూపులో పోస్టు.

నా దగ్గరున్నది 2004 షెవ్రొలే సిల్వరాడో 1500 పికప్, ఫోర్ వీల్ డ్రైవ్. పెరట్లో మడులకి మట్టి తేవడానికి, బీర పందిరికి కర్రలు తేవడానికి, ఉగాది ఫంక్షన్‌కి టేబుళ్లూ కుర్చీలూ మోయడానికి ఇంతకన్నా మంచి బండి నాకు కనిపించలేదు. ఇలాంటివి నడిపేది నేనొక్కణ్నే కాదు, అమెరికాలో రోడ్డు మీదున్న కార్లూ ట్రక్కుల సగటు వయసే 2024 నాటికి 12.6 ఏళ్లు. కాబట్టి ఈ వణుకు గోల ఏదో బండ్ల పిచ్చోళ్ల సరదా వ్యవహారం కాదు, మామూలు సంసారులు నెల జీతంలోంచి డబ్బులు తీసి పెట్టే విషయం.

ముందు కాస్త లెక్క చేద్దాం. ఎనిమిదో తరగతి పిల్లాడు చేసే లెక్కే. టైరు మీద 265/75ఆర్16 అని రాసి ఉందనుకుందాం. వెడల్పు 265 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 16 అంగుళాలు. కూడితే వ్యాసం 80 సెంటీమీటర్లు వస్తుంది. బండి బరువుకి కింద కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి మైలుకి ఇంచుమించు 650 చుట్లు తిరుగుతుంది. 60 మైళ్ల స్పీడంటే నిమిషానికి ఒక మైలు, అంటే నిమిషానికి 650 చుట్లు, సెకనుకి సుమారు 11. టైరులో గానీ రిమ్ములో గానీ డిస్కులో గానీ ఒక చోట తేడా ఉంటే ఆ తేడా సెకనుకి 11 సార్లు కొడుతుంది. వెనక యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టుకి షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ అంకె) 3.73 అయితే ప్రొపెల్లర్ షాఫ్టు అదే స్పీడులో సెకనుకి ఇంచుమించు 40 చుట్లు తిరుగుతుంది. ఇంజిన్ 2000 ఆర్పీఎం మీద ఉంటే సెకనుకి 33. ఈ మూడు అంకెల్లో ఒకదానికొకటి పోలికే లేదు. ఫోనులో వైబ్రేషన్ కొలిచే ఉచిత యాప్‌లు ఉన్నాయి, ఫోనుని సీటు పట్టాకి గట్టిగా టేపు వేసి, పక్క సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టుకుని హైవే మీద ఒక నిమిషం నడిపితే గ్రాఫులో ఎక్కడ ఎత్తుగా లేచిందో కనిపిస్తుంది. 11 దగ్గర లేస్తే ఇంజినూ ప్రొపెల్లర్ షాఫ్టూ జోలికి పోనక్కర్లేదు, నాలుగు చక్రాల్లో ఒకటి. 22 దగ్గర లేచినా చక్రమే, చుట్టుకి రెండు ఎత్తులున్నాయన్నమాట. 40 అయితే బండి ముందు భాగంలో ఏం మార్చినా దండగే.

ఈ అంకె తెలుసుకోవడానికి ఖర్చు సున్నా. అయినా ఎవరూ చెయ్యరు.

ఇక్కడే ఇంకో అపోహ కూడా తీర్చేస్తాను. "58 దగ్గర మొదలై 68కి తగ్గిపోతోంది, అంటే పెద్ద ప్రాబ్లం కాదేమో" అంటుంటారు. చక్రం, హబ్బు, బ్రేకు, కంట్రోల్ ఆర్ములు అన్నీ కలిసిన బరువు అటు టైరు మీదా ఇటు స్ప్రింగు మీదా ఆనుకుని ఉంటుంది, ఆ బరువుకి సెకనుకి 10 నుంచి 15 సార్లు ఊగే సహజ గుణం ఉంది. టైరు తిరిగే వేగం 55 నుంచి 70 మైళ్ల మధ్య సరిగ్గా ఆ అంకెల్లోకే వస్తుంది. రెండూ కలిసిన చోట చిన్న తేడా కూడా పెద్దగా తెలుస్తుంది, దాటిపోయాక తెలియడం తగ్గుతుంది. తేడా మాత్రం ఎక్కడికీ పోదు, బేరింగునీ బుష్‌లనీ కొడుతూనే ఉంటుంది.

తర్వాత ప్రశ్న బ్రేకు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే స్టీరింగ్ అదురుతుంటే డిస్కులు వంగిపోయాయి, మార్చాలి అంటారు. డిస్కు నిజంగా వేడికి వంగడం చాలా అరుదు. జరిగేది ఏంటంటే, డిస్కుకీ హబ్బుకీ మధ్య తుప్పు పొలుసులు ఉండిపోతాయి, లేదా టైరు షాపులో కుర్రాడు ఎయిర్ గన్‌తో నట్లు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగించేస్తాడు. దాంతో డిస్కు వెంట్రుక వాసి పక్కకి వాలి కూర్చుంటుంది. అలా వాలిన డిస్కులో ఒక చోటు, మీరు బ్రేకు తొక్కకపోయినా, ప్రతి చుట్టుకీ ప్యాడ్‌ని రాసుకుంటూ పోతుంది. కొన్ని వేల మైళ్లు పోయాక ఆ చోట డిస్కు మందం తగ్గుతుంది. మందంలో తేడా వచ్చాక బ్రేకు తొక్కితే పెడల్ కాలిని తంతుంది, స్టీరింగ్ అదురుతుంది. అప్పుడు కొత్త డిస్కులు వేస్తారు, కానీ అదే తుప్పు మీద వేస్తారు. ఇంకో ఆరు నెలలకి మళ్లీ అదే కథ, "ఈ కంపెనీ డిస్కులు బాగోలేదు" అని కంపెనీని తిట్టుకోవడం.

దీన్ని కొలవడానికి డయల్ గేజ్ అని ఉంటుంది, గడియారం లాంటి ముఖం, కింద చిన్న పుల్ల. అయస్కాంతం ఉన్న స్టాండుతో దాన్ని, హబ్బుని పట్టుకుని ఉండే నకిల్‌కి తగిలించి, పుల్ల మొన డిస్కు అంచుకి కొంచెం లోపలగా ఆనించాలి. చక్రం తీసేశాక డిస్కు వదులుగా ఉంటుంది కాబట్టి వాషర్లు వేసి నట్లతో హబ్బుకి బిగించాలి, ఈ ఒక్క పని చెయ్యకపోతే వచ్చే అంకెకి విలువే లేదు. అప్పుడు డిస్కుని చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పి ముల్లు ఎంత కదిలిందో చూడాలి. 0.05 మిల్లీమీటరు దాటకూడదు. అంటే వెంట్రుక మందం కన్నా తక్కువే. అంతకన్నా ఎక్కువ చూపిస్తే డిస్కు విప్పి, హబ్బు ముఖాన్ని వైరు బ్రష్‌తో తళతళలాడేదాకా రుద్ది, మళ్లీ పెట్టి కొలవాలి. సగం కేసులు బ్రష్ దగ్గరే తేలిపోతాయి. చక్రం ఎక్కించేటప్పుడు నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచితో, ఈ ట్రక్కుకైతే 140 పౌండ్-అడుగుల బిగింపుతో. ఎయిర్ గన్ బుర్రుమన్న ప్రతిసారీ నా గుండె ఝల్లుమంటుంది, ఏం చెయ్యను.

బ్రేకు అదురులో మరో రకం ఉంది, అది అసలు వైబ్రేషనే కాదు. ఇంటి ముందు డ్రైవ్‌వే దగ్గర మెల్లగా ఆగబోతుంటే, 10 మైళ్ల కన్నా తక్కువ స్పీడులో, పెడల్ కింద గరగరమని కొట్టుకుంటుంది. బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కోసం చక్రం స్పీడు చూసే సెన్సరు ఈ ట్రక్కుల్లో హబ్బులోనే కూర్చుని ఉంటుంది. దాని కింద తుప్పు పట్టి సెన్సరుని పైకి ఎత్తేస్తుంది, సందు పెరిగి సిగ్నల్ బలహీనపడుతుంది, మెల్లగా పోతున్నప్పుడు కంప్యూటరు చక్రం ఆగిపోయిందనుకుని ఏబీఎస్ లేపుతుంది. 1999 నుంచి 2002 మోడల్ దాకా జీఎం (షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్) పికప్పులకి ఈ కారణంగానే 2005లో, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో, రీకాల్ వచ్చింది. ఈ గరగరకి డిస్కులు మార్చుకున్నవాళ్లు ఉన్నారు. ఒహాయో నుంచో ఇల్లినాయి నుంచో వచ్చిన ట్రక్కుని టెక్సాస్‌లో కొనేవాళ్లు ఇది ముందే గుర్తు పెట్టుకోవాలి, బండితో పాటు తుప్పు కూడా వలస వస్తుంది.

ఇక బ్రేకుతో సంబంధం లేకుండా హైవే మీద వచ్చే వణుకు. పదిలో ఎనిమిది సార్లు టైరే అని నా అభిప్రాయం, ఎవరేమన్నా సరే. "బ్యాలెన్స్ చేయించాను కదా" అన్న జవాబు వెంటనే వస్తుంది. బ్యాలెన్సింగ్ మెషిను చక్రాన్ని గాల్లో తిప్పి బరువు ఒక పక్కకి ఎక్కువుందా అని చూస్తుంది, అంతవరకే. రోడ్డు మీద టైరు గాల్లో తిరగదు కదా, ముందు చక్రం మీద వెయ్యి పౌండ్లకి పైగా బరువుంటుంది. టైరు లోపల పొరలు ఒక చోట గట్టిగా, ఒక చోట మెత్తగా ఉంటే గాల్లో బ్యాలెన్స్ అద్భుతంగా వస్తుంది, నేల మీద మాత్రం ఎగిరెగిరి పడుతుంది. దీనికోసమే రోడ్ ఫోర్స్ బ్యాలెన్సర్ అని ఉంది, మిస్సోరీలోని హంటర్ కంపెనీ చేసేది, ఒక పెద్ద రోలరుని టైరుకి గట్టిగా అదిమిపెట్టి తిప్పుతుంది. ఒక చుట్టులో ఒత్తిడి ఎన్ని పౌండ్లు పెరిగి తగ్గిందో అంకె చూపిస్తుంది. ఆ అంకె కార్లకి 20 చుట్టుపక్కల దాటితే అనుమానించాలి, ట్రక్కులకి ఇంకాస్త ఎక్కువ ఒప్పుకుంటారు. రిమ్ము మీద టైరుని కొంచెం తిప్పి పెడితే, రిమ్ము పల్లానికి టైరు ఎత్తు ఎదురొచ్చి, కొన్నిసార్లు అక్కడే సరిపోతుంది కూడా.

మెషిను లేకపోయినా ఇంట్లో చూడగలిగినంత ఉంది. జాకీ ఎత్తి, ఒక ఇటుక మీద స్క్రూడ్రైవర్ పెట్టి, దాని మొన టైరు నడిమధ్య గాడికి కొద్ది దూరంలో ఉండేట్టు జరిపి చక్రాన్ని చేత్తో తిప్పితే సందు పెరగడం తగ్గడం కళ్లకి కనిపిస్తుంది. ఒక చోట ఉబ్బు కనిపించిందా, ఇంక ఆ టైరుతో రోడ్డెక్కకూడదు. లోపల ఉక్కు బెల్టు విడిపోతోందన్నమాట. ఇలాంటి టైరు మెల్లగా 20, 30 మైళ్లలో పోతున్నప్పుడే స్టీరింగ్‌ని అటూ ఇటూ ఊపుతుంది. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల వెనక చివరి నాలుగంకెలు చూడండి, 3217 అని ఉంటే 2017లో 32వ వారం తయారైంది. టెక్సాస్ ఎండలో ఆరేళ్లు దాటిన టైరుని, గాడులు నిండుగా కనిపిస్తున్నాయని నమ్మడానికి లేదు. పాత పికప్పులు వారానికోసారి బయటికి తీసే బండ్లు, గాడులు అరగవు, రబ్బరు ముసలిదవుతుంది. నెల రోజులు ఒకే చోట నిలబెట్టేసిన బండి అయితే మొదటి పదిహేను ఇరవై నిమిషాలు దడదడలాడి, టైర్లు వేడెక్కాక సర్దుకుంటుంది. అది చప్పిడైన చోటు, దానికి పార్టు అక్కర్లేదు.

రిమ్ముల సంగతి ఒక్క ముక్క. ఈ ట్రక్కుకి ఆరు నట్లు, 139.7 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి, చాలా టయోటా పికప్పులదీ అదే కొలత. దాంతో మార్కెట్లో ఎవరి రిమ్ములో తెచ్చి బిగించేస్తారు, బోల్టులు పడతాయి మరి. కానీ హబ్బు మధ్య గుండు ఇక్కడ 78.1 మిల్లీమీటర్లు, టయోటా రిమ్ము కన్నం అంతకన్నా చాలా పెద్దది. మధ్యలో ఆనుకోవడానికి ఏమీ లేక రిమ్ము కేంద్రం తప్పి కూర్చుంటుంది. మెషిను మీద చక్కగా బ్యాలెన్స్ అయిన చక్రం బండి మీద వణకడానికి ఇదొక పెద్ద కారణం, ఆ సందు పూడ్చే పదీ పదిహేను డాలర్ల రింగులతో పోతుంది.

డాలస్ పక్కన మెకిన్నీలో ఉండే మా స్నేహితుడి ట్రక్కు కథ చెప్తాను, ఇదే తరం బండి. 62 దగ్గర స్టీరింగ్ వణుకుతోందని ఒక షాపుకి తీసుకెళ్తే బాల్ జాయింట్లు, టై రాడ్లు, రెండు షాకులు, అలైన్‌మెంటు, మొత్తం 1400 డాలర్ల పైచిలుకు బిల్లు. వణుకు చెక్కు చెదరలేదు. నా ఫోను పెట్టి చూస్తే 11 దగ్గర ఒకటే ముల్లు, తాటిచెట్టంత. ముందు చక్రాలు రెండూ వెనక్కి, వెనకవి ముందుకి మార్చాం, రూపాయి ఖర్చు లేదు. మళ్లీ హైవే ఎక్కితే స్టీరింగ్ నిశ్చలంగా ఉంది, సీటు కింద మొదలైంది. చేతి నుంచి సీటుకి మారిందంటే చక్రంతో పాటే మారిందన్నమాట. రోడ్ ఫోర్స్ చూపిస్తే ఎడమ ముందు ఉండిన టైరు అంకె మిగతా మూడింటికి రెట్టింపు పైనే ఉంది. కొత్త టైరుతో తేలింది. ఆ 1400లో పనికొచ్చిన పార్టు ఒక్కటీ లేదా అంటే ఉండొచ్చు, ఒక బాల్ జాయింటు నిజంగానే వదులుగా ఉండి ఉండొచ్చు. కానీ అతను చెప్పిన కంప్లెయింటు అది కాదు.

బాల్ జాయింటు వదులు చూసే పద్ధతిలోనే జనం తడబడతారు, దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. ఈ ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులకి ముందు కాయిల్ స్ప్రింగు ఉండదు, టోర్షన్ బారు అనే ఉక్కు కడ్డీ ఉంటుంది, అది కింది కంట్రోల్ ఆర్ముని పట్టుకుని మెలితిప్పుతూ ఉంటుంది. ఫ్రేము కింద జాకీ పెట్టి ఎత్తితే ఆ మెలికంతా కింది ఆర్ముని గట్టిగా కిందికి తోస్తుంది, బాల్ జాయింటు బిగుసుకుపోయి ఉంటుంది, ఎంత అరిగినా వదులు కనిపించదు. జాకీ కింది ఆర్ము కింద, బాల్ జాయింటుకి దగ్గరగా పెట్టాలి. టైరు నేల నుంచి రెండు అంగుళాలు లేస్తే చాలు. అప్పుడు టైరు కింద పొడుగాటి గునపం పెట్టి పైకి లేపుతూ జాయింటు దగ్గర చూస్తే ఉన్న వదులు ఉన్నట్టు బయటపడుతుంది. 12 గంటల చోటా 6 గంటల చోటా పట్టుకుని ఊపితే ఆడేది బాల్ జాయింటో హబ్బు బేరింగో, 3 దగ్గరా 9 దగ్గరా పట్టుకుంటే ఆడేది టై రాడ్డు, ఐడ్లర్ ఆర్ము వైపు.

స్టీరింగ్ కీళ్లకి మాత్రం జాకీ వద్దు, చక్రాలు నేల మీదే ఉండాలి, ఇంజిన్ ఆన్‌లో ఉండాలి, ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ని అటు నాలుగు వేళ్లు, ఇటు నాలుగు వేళ్లు ఆడిస్తుంటే మనం కింద పడుకుని ఒక్కో కీలు మీద చెయ్యి వేసి చూడాలి. పార్కింగ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి అడ్డు పెట్టాకే సుమా. గుడివాడ నుంచి వచ్చిన మా మావగారిని కూర్చోబెట్టాను ఓసారి. "బాబూ, ఎంతసేపు తిప్పమంటారు?" అంటారు పై నుంచి. "ఇంకొంచెం మావయ్యగారూ, చిన్నగా, చిన్నగా." స్టీరింగ్ గేరు తిప్పే పిట్మన్ ఆర్ము కదిలిన వెంటనే, రెండో పక్క దానికి జోడీగా ఉండే ఐడ్లర్ వైపు కదలాలి, ఐడ్లర్ ముందు పైకి లేచి తర్వాత పక్కకి కదిలితే దాని పని అయిపోయినట్టే, వేళ్లకి ఆ టకటక స్పష్టంగా తెలుస్తుంది. బయటికొచ్చాక ఆయన, "మా విజయవాడ ఆటోనగర్లో అయితే మేస్త్రీ బండెక్కి ఒక రౌండు తిప్పొచ్చి ఏ చక్రమో చెప్పేసేవాడు బాబూ" అన్నారు. నిజమే. కానీ నేను ఒప్పుకోనిది ఒకటుంది, అక్కడ మేస్త్రీలు ఏదో మహానుభావులు, ఇక్కడివాళ్లు దొంగలు అనే మాట. ఆటోనగర్లో పార్టు ఖరీదు, మనిషి గంట చవక, అందుకని మేస్త్రీ గంటసేపు వెతికైనా ఆ ఒక్క బుష్ పట్టుకుంటాడు. ఇక్కడ మనిషి గంట 150 డాలర్లు దాటింది, చవక రకం ఫ్రంట్ ఎండ్ కిట్టు మొత్తం రెండొందల చుట్టుపక్కల దొరుకుతుంది. వెతకడం కన్నా మార్చడం చవక అనిపించేలా ఉంది లెక్క.

పైగా ఇక్కడ చాలా షాపుల్లో మెకానిక్కి జీతం ఫ్లాట్ రేటు మీద. బాల్ జాయింటు మార్చడానికి పుస్తకంలో ఇన్ని గంటలని రాసి ఉంటుంది, ఆ గంటలకి డబ్బులొస్తాయి. వణుకు ఎక్కడ పుడుతోందో ఆలోచిస్తూ హైవే మీద తిరిగిన గంటకి ఏమొస్తుంది? కస్టమరు డయాగ్నస్టిక్ ఫీజు కట్టనంటాడు కాబట్టి, ఏమీ రాదు. మనవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, వెయ్యి డాలర్ల పార్టుల బిల్లు కట్టి బయటికొచ్చి, నూట యాభై డాలర్ల పరీక్ష ఫీజు దగ్గర మాత్రం "చూడ్డానికి కూడా డబ్బులా?" అని గొడవ పెట్టుకుంటాం. చూడ్డానికే ఇవ్వాలి డబ్బులు. చూడగలిగినవాడి బుర్రకి ఇవ్వకుండా పెట్టెలో వచ్చిన ఇనుముకి మాత్రమే ఇస్తామంటే ఇనుమే వస్తుంది. ఉచిత ఇన్‌స్పెక్షన్ అని బోర్డు పెట్టేది దేనికనుకుంటున్నారు?

"ఎలాగూ పాత బండే కదా, అరిగినవి మార్చితే తప్పేంటి" అనేవాళ్ల వాదనలో కొంత న్యాయం ఉంది. వదులైన బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, అది ప్రాణాల మీదికొచ్చే విషయం, వెంటనే మార్చాల్సిందే. నేననేది, దాన్ని భద్రత కోసం మార్చండి, వణుకు కోసం కాదు. ఇంకో సంగతి, బిగువుగా ఉన్న కంపెనీ జాయింటు పీకి చవక కిట్టులోది పెడితే ఉన్నది చెడగొట్టుకున్నట్టు. ఆ చవక జాయింట్లు రెండేళ్లు తిరక్కుండా ఆడటం మొదలుపెట్టడం నేను చాలా బండ్లలో చూశాను.

అలైన్‌మెంట్ గురించి గట్టిగా ఒక మాట. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకి లాగుతుంది, టైర్లు అంచుల్లో అరుగుతాయి. వణకదు. కోణాలు తప్పి టైరు ఎగుడుదిగుడుగా అరిగిపోతే ఆ అరిగిన టైరు వణుకుతుంది, అప్పుడు కూడా అలైన్‌మెంట్ చేయించినంత మాత్రాన అరిగిన రబ్బరు తిరిగి రాదు. మన కుర్రాళ్లు ముందు భాగం ఎత్తుగా కనిపించాలని టోర్షన్ బార్ల బోల్టులు బిగించేస్తారు చూడండి, దాంతో కోణాలే కాదు, ముందు యాక్సిల్ షాఫ్టుల వంపు కూడా పెరుగుతుంది. అలాంటి బండికి ముందు ఎత్తు సరిచేసి ఆ తర్వాతే అలైన్‌మెంట్ చెయ్యాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నవాళ్లకి ఇంకో ఉచిత పరీక్ష. డాష్‌బోర్డు మీద ఆటో ఫోర్ వీల్ బటను ఉన్న బండ్లలో, టూ హైలో (వెనక రెండు చక్రాలకే బలం పోయే స్థితి) నున్నగా పోతూ ఆటోలో పెట్టగానే వణుకు మొదలైతే ముందు ప్రొపెల్లర్ షాఫ్టుని చూడాలి. టూ హైలో అది తిరగదు, ఆటోలో తిరుగుతుంది. పొడి రోడ్డు మీద, ముందు వెనక చక్రాల్ని కలిపి లాక్ చేసే ఫోర్ హై మాత్రం పెట్టకండి. హబ్బు బేరింగు పోతే వణుకు కన్నా ముందు హమ్ వస్తుంది, కుడికి తిప్పితే ఎడమ చక్రం మీద బరువు పడి పెరుగుతుంది, ఎడమకి తిప్పితే తగ్గుతుంది. గుంతల్లో స్టీరింగ్ కింద టకటకమనేది ఈ తరం జీఎం బండ్లలో స్టీరింగ్ నుంచి కింది గేరుకి పోయే ఇంటర్మీడియట్ షాఫ్టు, చిరాకే గానీ హైవే వణుకుతో దానికి చుట్టరికం లేదు.

ఇదంతా ముందు చక్రాలు దేనికవే కదిలే బండ్ల సంగతి. రామ్ 2500, ఫోర్డ్ ఎఫ్-250 లాంటి బరువు బండ్లలో ఫోర్ వీల్ డ్రైవ్ వాటికి ముందు ఒకటే గట్టి యాక్సిల్ ఉంటుంది, వాటి జబ్బు వేరు. 50, 60 మైళ్లలో ఒక గుంతో బ్రిడ్జి అతుకో తగలగానే స్టీరింగ్ చేతుల్లోంచి లాక్కున్నట్టు కొట్టుకుంటుంది, బండి దాదాపు ఆగేదాకా ఆగదు. డెత్ వాబుల్ అంటారు. ఇక్కడ మాత్రం నేను పైన చెప్పిన సూత్రం తిరగబడుతుంది, వదులే అసలు దొంగ. యాక్సిల్‌ని పక్కలకి కదలకుండా పట్టుకునే ట్రాక్ బారు బోల్టు కన్నం సాగిపోయో, దాని బుష్ పోయో ఉంటుంది చాలాసార్లు. ఒకరు స్టీరింగ్ ఆడిస్తుంటే ఆ బోల్టు దగ్గర చూస్తే చాలు. దీనికి షాపులు అమ్మేది ఊపుని అణిచే స్టీరింగ్ డ్యాంపరు, అది రోగాన్ని కొన్నాళ్లు కప్పిపెడుతుంది. ఎప్పుడైనా అలా కొట్టుకుంటే సడన్ బ్రేకు వెయ్యకండి, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని యాక్సిలరేటరు వదిలి మెల్లగా తగ్గించుకుంటూ పక్కకి రండి.

2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత వాహనాలకి ఏడాదికోసారి చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. డాలస్, కాలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది గానీ స్టీరింగూ బ్రేకులూ టైర్లూ చూసేవాడు లేడు. తమాషా ఏంటంటే 7.50 డాలర్ల ఫీజు మాత్రం రిజిస్ట్రేషన్‌తో పాటు ఇప్పటికీ కడుతున్నాం, పరీక్ష లేని పరీక్ష ఫీజు. ఆ పరీక్ష తూతూమంత్రంగా జరిగే షాపులూ ఉండేవి, ఒప్పుకుంటాను, కానీ ఏడాదికోసారైనా ఒక మనిషి టైర్ల వైపు చూసేవాడు.

షాపుకి వెళ్లేముందు ఒక కాగితం మీద ఇలా రాసుకెళ్లండి: వణుకు 58 నుంచి 68 మధ్య, బ్రేకు తొక్కకుండానే వస్తోంది, న్యూట్రల్‌లో పెట్టినా (అంటే ఇంజిన్ లాగకపోయినా) పోవట్లేదు, స్టీరింగ్‌లో తెలుస్తోంది, ఫోనులో సెకనుకి 11. మీ బండికి ఏది నిజమైతే అది. కౌంటరు దగ్గర పరీక్ష ఫీజు ఎంతో ముందే అడగండి, కడతానని చెప్పండి, నాలుగు చక్రాలకీ రోడ్ ఫోర్స్ అంకెలు ప్రింటు తీసి ఇమ్మనండి, అది చూశాకే పార్టుల మాట ఎత్తమనండి. ప్రింటు ఇవ్వడానికి నసిగే చోట తాళం చెవి ఇవ్వకండి.